వలకి అవతలి కొస

2022 జులై. కోవిడ్ రోజులు దాటి బడులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బర్‌కి ఎగువన మెట్ట మీద ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో నేను లెక్కల టీచర్ని. అప్పటికి పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయాడు కాబట్టి, ఇంట్లో గోదావరి యాస, వీధిలో విశాఖ యాస, క్లాసులో పుస్తకాల భాష నాకు అలవాటు. నాకున్న ఇంకో అలవాటు కోపం. డస్టర్ విసిరితే గురి తప్పదని మూడు బ్యాచుల పిల్లలు సాక్ష్యం చెబుతారు. విసరడం ఎప్పుడో మానేశాను గానీ పేరు పోలేదు.

తొమ్మిదో తరగతి గది మూడో అంతస్తులో ఉండేది. ఆ గదికి ఒక పెద్ద కిటికీ. అందులోంచి చూస్తే ఓడలు హార్బర్‌లోకి వచ్చే కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేవి. ఓడ వస్తే కిటికీకి ఈ అంచు నుంచి ఆ అంచుకి దాటడానికి చాలాసేపు పట్టేది. ముందు ఓడని లాగే చిన్న టగ్గు పడవ, వెనకొక టగ్గు, మధ్యలో వీధంత ఓడ. ఇంత దూరానికి చప్పుడు వినిపించేది కాదు. శీతాకాలం పొద్దుటిపూట మంచులో నీళ్ళెక్కడున్నాయో తెలియదు, ఓడ గాలిలో తేలుతున్నట్టే ఉండేది. నిజం చెప్పొద్దూ, బోర్డు మీద లెక్క చేస్తూ "కాబట్టి..." అని నేనే ఆగిపోయి, కాబట్టి ఏమిటో మర్చిపోయిన రోజులున్నాయి. పిల్లలకి అది తెలియనివ్వలేదు. సుద్దముక్క మార్చుకుంటున్నట్టు నటించేదాన్ని.

ఆ కిటికీ పక్కన కూర్చునేది నూకరత్నం. తండ్రి అప్పన్న మరబోటు నడుపుతాడు. తల్లి ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాటలో సరుకు పాడుకుని వీధుల్లో అమ్ముతుంది. రత్నం అల్లరి చెయ్యదు, ఎదురు చెప్పదు. ఆ పిల్ల చేసే నేరమల్లా ఒకటే, క్లాసులో ఉండి క్లాసులో ఉండకపోవడం. నోటుబుక్కులో సగం రాసిన లెక్కలు, సగం గీసిన పటాలు. ఒక పేజీలో "ఇచ్చినది:" అని రాసి, ఏం ఇచ్చారో రాయకుండా కింద ఒక టగ్గు బొమ్మ వేసింది. తాళ్ళతో, టైర్లతో సహా. అంత శ్రద్ధ త్రిభుజం మీద పెట్టి ఉంటే వందకి వంద వచ్చేవి కదా అని నాకు ఒళ్ళు మండేది.

ఆగస్టులో మా స్కూలుకి వారానికి ఒకరోజు వచ్చేలా స్వాతి అనే అమ్మాయిని పెట్టారు. స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే చదువులో ఇబ్బంది పడే పిల్లల్ని గమనించి, వాళ్ళకి ఎలా చెప్పాలో మాకు చెప్పే మనిషి. రత్నాన్ని గమనించి, తల్లిదండ్రులతో మాట్లాడి, డాక్టర్ దగ్గరికి పంపింది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదురుగా నిలవని ఇబ్బంది, అని తేలింది. ఆ పేరు వినగానే మాకు బెంచీల మీద గెంతే మగపిల్లాడే గుర్తొస్తాడు. స్వాతి నవ్వి, "గెంతకుండా కూడా ఉంటుంది మేడమ్. ఇన్‌అటెంటివ్ టైప్ అంటారు. ఒళ్ళు కూర్చునే ఉంటుంది, ధ్యాస లేచి వెళ్ళిపోతుంది. కావాలని కాదు" అంది.

తర్వాత మాకు అకామడేషన్లు చెప్పింది. పాఠం మార్చకుండా, పాఠం చెప్పే తీరులో చేసే చిన్న చిన్న సర్దుబాట్లవి. పెద్ద లెక్కని ముక్కలు చేసి ఇవ్వాలి. ధ్యాస తప్పితే పేరు పెట్టి పిలవకుండా బెంచీ మీద వేలు ఆనించి వెళ్ళాలి. పరీక్షలో ఇరవై నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. ఎక్కడ కూర్చుంటే కుదురుతుందో ఆ పిల్లనే అడగాలి.

ఆమె వెళ్ళాక స్టాఫ్‌రూమ్‌లో సోషల్ చెప్పే భాస్కరరావు మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "అందరికీ ఒకే పేపరండీ, ఒకే గంటండీ. ఒకళ్ళకి ఇరవై నిమిషాలు ఎక్కువిస్తే మిగతా నలభై అయిదు మందికీ ఏం సమాధానం చెబుతామండీ?" అన్నారు. ఆయనది మా జిల్లాయే. న్యాయం విషయంలో తక్కెడ పట్టుకున్న మనిషి.

"మన చిన్నప్పుడు ఈ రోగాలన్నీ ఎక్కడివండీ? బెత్తం ఉండేది, అంతే" అన్నాను నేను. అందరూ నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయితే నేను క్లాస్ టీచర్ని. చెయ్యకపోతే అడుగుతారు. కాబట్టి చేశాను, తూతూ మంత్రంగా. రత్నాన్ని అడక్కుండానే కిటికీ దగ్గర నుంచి లేపి, మొదటి బెంచీలో గోడ వైపు కూర్చోబెట్టాను. లెక్కని ముక్కలు చేసే తీరిక నాకు లేదు, నలభై నిమిషాల పీరియడ్‌లో సిలబస్సే అవదు. ధ్యాస తప్పినప్పుడల్లా "రత్నం!" అని పిలిచాను, మరి నా అలవాటు అది. పిలిచిన ప్రతిసారీ నలభై అయిదు తలలు అటు తిరిగేవి. ఇరవై నిమిషాలు ఇచ్చాను, భోజనాల బెల్లు కొట్టాక. స్నేహితురాళ్ళు వరండాలో క్యారేజీలు విప్పుకుంటుంటే ఆ పిల్ల ఖాళీ గదిలో పేపరు ముందు కూర్చుని, ఒక్క అక్షరం రాయకుండా తిరిగిచ్చేది.

వీటన్నిటికీ ముందు, దయతోనే, ఇంకో పని చేశాను. క్లాసుకి చెప్పాను: "రత్నానికి ఒక ఇబ్బంది ఉంది. ఎవరూ నవ్వకూడదు." అప్పటిదాకా ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి నవ్వారు.

మాకు అబ్జర్వేషన్ రిజిస్టర్ అని ఒక పుస్తకం ఉండేది. ఏ పిల్లకి ఏ సాయం చేశాం, ఫలితం ఏమిటి అని క్లాస్ టీచర్ అందులో రాసి సంతకం పెట్టాలి. నవంబరు నెలాఖరున గుండ్రటి దస్తూరీతో రాశాను: "సౌకర్యాలన్నీ కల్పించాం. విద్యార్థిని వినియోగించుకోలేదు."

డిసెంబరులో మీటింగ్ పెట్టారు. ప్రైవేటు బడుల సంగతి తెలిసినవాళ్ళకి కొత్త కాదు. పదో తరగతి రిజల్టు చెడకుండా, తొమ్మిదిలోనే తేలని పిల్లల్ని ఏరి, "వేరే స్కూల్లో చేర్పించుకోండి" అని టీసీ చేతిలో పెడతారు. కాగితం మీద ఏమీ ఉండదు, క్లాస్ టీచర్ నోటిమాటగా చెప్పాలి. రత్నం వంతు వచ్చేసరికి ప్రిన్సిపాల్ మేడమ్ రిజిస్టర్ తెరిచి నా వాక్యం పైకి చదివారు. "సౌకర్యాలన్నీ కల్పించాం. ఇంకేం చేస్తాం చెప్పండి?" అన్నారు. మూల కుర్చీలో స్వాతి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ముందు ఆమె వైపే చూశాను. ఆమె నా వైపు చూసి తల దించుకుంది. ఏమన్నా అని ఉంటే నా కోపం నాకు అడ్డం వచ్చేది, బతికిపోయేదాన్ని.

రత్నానికి టీసీ తీసుకోమని చెప్పడానికి ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వాళ్ళకి ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక వెళ్ళానో, మర్యాద కోసం వెళ్ళానో ఇప్పటికీ తేల్చుకోలేను. మంచు ఇంకా విడలేదు. బోట్ల రంగులు మాత్రం కనబడుతున్నాయి, బోట్లు కనబడటం లేదు. ఎక్కడో ఐసు దంచుతున్నారు, ఎక్కడో వేలంపాట అరుపు. నేను నిద్రలో నడుస్తున్నానేమో అనిపించింది. రత్నం తల్లి గుంపులోంచే నన్ను చూసి, "ఆయనా పిల్లా అల్లక్కడున్నారు టీచరమ్మా, నానిప్పుడే వత్తన్నాను" అని బోట్లు ఆగే జెట్టీ చివరికి చెయ్యి చూపించింది.

అక్కడ నేల మీద ఒక పెద్ద వల పరిచి ఉంది. ఒక కొసన అప్పన్న, రెండో కొసన రత్నం, మధ్యలో పదడుగుల వల. వలలో చిరిగిన కళ్ళని బాగు చేస్తున్నారు. దారం చుట్టిన చెక్క సూది రత్నం చేతిలో ఎలా తిరుగుతోందంటే, నా క్లాసులో పెన్సిలు పట్టుకునే చెయ్యి ఇదేనా అనిపించింది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. అప్పన్న ఒక ప్లాస్టిక్ ట్రే బోర్లించి, "కూకోండి టీచరమ్మా. ఈ వరస అయిపోతే లేత్తాను" అన్నాడు.

కూర్చుని చూస్తున్నాను. ఒక బోటు బయల్దేరింది. రత్నం చూపు దాని వెంట వెళ్ళింది, చెయ్యి ఆగిపోయింది. క్లాసులో నేను రోజూ చూసే ముఖం అదే. "రత్నం!" అనడానికి నా నోరు తెరుచుకుంది కూడా.

అప్పన్న తలెత్తలేదు. తన కొసన వలని చిన్నగా ఒక్క గుంజు గుంజాడు. ఆ కదలిక కన్ను కన్నూ దాటుకుంటూ ఇటు కొసకి వచ్చింది. రత్నం చెయ్యి మళ్ళీ కదిలింది. చూపు కాసేపటికి తాపీగా తిరిగొచ్చింది. అక్కడేమీ జరగనట్టే ఇద్దరూ పనిలో ఉన్నారు.

"ఎందుకండీ అలా లాగారు?" అని అడిగాను.

"అదేటి, దాని మనసు బోటెక్కి ఎలిపోనాది గదా" అన్నాడు అప్పన్న. "పేరెట్టి పిలిత్తే ఉలిక్కిపడతాది, సూది గుచ్చేసుకుంతాది. ఇలగ లాగితే సేతికి తెలుత్తాది. సెయ్యి మొదలెడితే మనసు దానెనకాలే వచ్చేత్తాది."

వలకి అక్కడక్కడా ఎర్రదారం పోగులు కట్టి ఉన్నాయి. అవేంటని అడిగాను.

"ఇంత వలా సూపెట్టి బాగుసెయ్యమంటే దానికి గుండె జారిపోతాది. ఈ ఎర్రపోగు కాడి నుంచి ఆ ఎర్రపోగు దాకా అంటే సేసేత్తాది. అక్కడికి ఒక పని అయిపోనట్టే. నీళ్ళు తాగి మల్లీ కూకుంతాది." నా ముఖం చూడకుండా అన్నాడు, "నానూ ఇలాటోణ్ణే టీచరమ్మా. మా అయ్య పిలిసీవోడు, పిలిసి కొట్టీవోడు. బల్లో మేస్టరూ అంతే. నా పేరు ఇంటేనే బయమేసీది. మూడో తరగతిలో మానేసినాను. అందుకే దీన్ని నాను పనికాడ పిలవను."

రత్నం తల దించుకునే, సూది ఆపకుండా, మెల్లిగా అంది: "నాకూ అంతే టీచర్. మీరు పిలుత్తుంటే నా పేరే తప్పులాగ వినబడతాది."

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కోపం కూడా వచ్చింది, నా మీదే. ముక్కలు చెయ్యమని, పిలవొద్దని, వేలు ఆనించమని స్వాతి చెప్పిన జాబితా అంతా ఆ వల మీద పరిచి ఉంది. ఒకరు పుస్తకం చదివి చెప్పారు, ఒకరు దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఇద్దరికీ మధ్య పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్న నాకే ఏమీ రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, నాకు వినడమే అలవాటు తప్పిపోయింది.

అప్పన్న సూది కింద పెట్టాడు. "ఏటి పని మీద వచ్చినారు? బల్లోంచి తీసేత్తామంతన్నారేటి? ఈది పిల్లలు అనుకుంతన్నారు." గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం వలని గట్టిగా పట్టుకున్నాయి. "దానికి టగ్గు నడపాలని ఉందంట. పది పాసవ్వకపోతే ఎక్కనివ్వరంట గదా. ఇంకో బల్లో ఎయ్యమంటే ఏత్తాను. కానీ అక్కడా పిలుత్తారు గదా టీచరమ్మా."

నేను చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది. "అబ్బే, చేపలు కొందామని వచ్చానండి" అన్నాను. మా ఇంట్లో నీచు వండరు. రెండు కేజీల వంజరం మోసుకొచ్చి ఎదురింటివాళ్ళకి ఇస్తే, ఏం పండగని వాళ్ళు కంగారుపడ్డారు.

సోమవారం పొద్దున రిజిస్టర్ తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. నా వాక్యం మీద అడ్డగీత గీసి కింద రాశాను: "సౌకర్యాలు కల్పించలేదు. కల్పించినట్టు రాశాను." సంతకం పెట్టాను. ఇన్నేళ్ళలో పిల్లల తప్పుల కింద గీతలు గీశాను గానీ నా తప్పు కింద ఎప్పుడూ గియ్యలేదు.

"మతి ఉండే రాశారా? రేపెవరన్నా చూస్తే?" అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్.

"చూడనివ్వండి మేడమ్. మార్చి పరీక్షల దాకా ఆ పిల్లని నాకు వదిలెయ్యండి. అప్పటికీ తప్పితే నేనే వెళ్ళి చెబుతాను."

ఆవిడ రిజిస్టర్ మూసి సొరుగులో పడేశారు. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే తీసుకున్నాను.

ఎక్కడ కూర్చుంటావని రత్నాన్ని అడిగాను. కిటికీ దగ్గరే అంది. "ఓడ కనపడకపోతే వచ్చిందేమో అని దాని గురించే ఆలోచిత్తాను టీచర్. కనపడితే ఓసారి సూసి వచ్చేత్తాను." భాస్కరరావు మాస్టారు విని, "దొంగ చేతికి తాళంచెవులు ఇచ్చినట్టుందండీ" అన్నారు. ఇచ్చాను. ప్రతి లెక్కనీ మూడు ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య ఎర్ర గీత గీశాను. క్లాసులో తిరుగుతూ అందరి బెంచీల మీదా వేలు ఆనించేదాన్ని, ఆమె బెంచీ మీద ఒక్క క్షణం ఎక్కువ. ఎవరికీ తెలిసేది కాదు. పరీక్ష రోజుల్లో ఆ ఇరవై నిమిషాలూ భోజనాల వేళ నుంచి తీసి పొద్దున్న పెట్టాను, ప్రార్థనకి ముందు. నలభై నిమిషాల్లో సిలబస్ అవదన్న మాట అబద్ధం కాదు. రెండు పాఠాలు వెనకబడ్డాను, శనివారాలు పెట్టి పూర్తి చేశాను.

ఒక్కరోజులో ఏమీ జరగలేదు. వేలు ఆనించినా తిరిగిరాని రోజులున్నాయి. అలాంటి రోజు నాలో పాత మనిషి లేచి "రత్నం!" అని అరవబోయేది. పెదవి కొరుక్కునేదాన్ని. సైన్స్ మేడమ్ చివరిదాకా ఏమీ మార్చలేదు, మార్చనని నా మొహం మీదే చెప్పింది. ఆ ఏడాది సైన్సులో రత్నం ఏదో గట్టెక్కిందంటే గట్టెక్కింది.

మార్చిలో సోషల్ పేపరు చేతికొచ్చినప్పుడు ఆశ్చర్యపోయాను. పెద్ద ప్రశ్నలన్నీ ముక్కలు చేసి ఉన్నాయి, మధ్యలో గీతలు. రత్నం ఒక్కదాని పేపరే కాదు, మొత్తం నలభై ఆరు పేపర్లూ అంతే. భాస్కరరావు మాస్టారి వైపు చూస్తే ఆయన కిటికీలోంచి ఓడని చూస్తున్నట్టు నటించారు. "అందరికీ గీసేశానండీ. ఒకళ్ళకే ఇస్తే అన్యాయం కదండీ" అన్నారు. ఆ ఏడాది సోషల్‌లో తప్పే పిల్లలు ఇంకో ముగ్గురు కూడా పాసయ్యారు.

రత్నానికి లెక్కల్లో నలభై ఒకటి వచ్చాయి. టీసీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రిజిస్టర్ సొరుగులోంచి తీసి, నా రెండో వాక్యం కింద మూడోది రాశాను: "ఇప్పుడు కల్పిస్తున్నాం."

పదో తరగతిలోనూ వాళ్ళకి నేనే క్లాస్ టీచర్ని, గదీ అదే. ఆ ఏడాది చివర్లో, పబ్లిక్ పరీక్షలకి హాల్‌టికెట్లు ఇచ్చే రోజు వచ్చింది. పేరు పిలిస్తే పిల్లలు వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. కిటికీ బయట ఎండలో ఒక ఓడ మెల్లిగా దాటుతోంది. వరసగా పిలుస్తూ రత్నం పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే ఆగిపోయింది. ఏడాది పైగా ఆ క్లాసులో ఆ పేరు నేను పైకి అనలేదు. లేచి వెళ్ళి, ఎప్పటిలాగే ఆమె బెంచీ మీద వేలు ఆనించాను.

రత్నం ఓడ మీద నుంచి చూపు తిప్పి నన్ను చూసి నవ్వింది. "ఈసారి పిలవండి టీచర్. పర్లేదు" అంది.

ఇప్పుడు ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో ఉంది. స్కూలుకి కొత్తగా వచ్చిన టీచర్లు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "అన్నీ చేశాం మేడమ్, ఆ పిల్లాడే వాడుకోవడం లేదు" అంటారు. వాళ్ళని కోప్పడను, అది నా వాక్యమే కదా. "ఆ పిల్లాణ్ణి పేరెట్టి పిలిస్తే మొహం ఎలా పెడతాడో ఒకసారి చూసి రండి" అంటాను. సాయం అందిందో లేదో రిజిస్టర్‌లో తెలియదు, ఆ మొహం మీద తెలుస్తుంది. హాల్‌టికెట్లు ఇచ్చిన ఆ రోజు నేను నా బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళి, హాల్‌టికెట్ పట్టుకుని, గదంతా వినబడేలా పిలిచాను: "నూకరత్నం!" నలభై అయిదు తలలు తిరిగాయి. ఆమె తల ఎత్తుకుని నడిచి వచ్చింది.